కట్టుడు పళ్ళకు రాత్రి విశ్రాంతి

పిఠాపురంలో కట్టుడు పళ్ళు పెట్టుకున్న పెద్దలకు ముందుగా ఒక మాట: రాత్రి వాటిని తీసి, కడిగి, చల్లటి నీళ్ళలో వేయండి. తీయకుండా పడుకుంటే కేండిడా అనే బూజు పెరిగి అంగిలి ఎర్రబారుతుంది. 1930ల చివరి నుంచి ఈ సెట్లు ఎక్కువగా ఆక్రిలిక్‌తోనే చేస్తున్నారు. అది సలసల కాగే నీళ్ళు తగిలితే వంకరపోతుంది. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, ఆ గీతల్లో పాచి చేరుతుంది. మెత్తటి బ్రష్షు, మామూలు సబ్బు చాలు. కొత్తగా పెట్టించుకున్నవాళ్ళు కాకినాడ కాజా కొన్నాళ్ళు ఆగి తినండి, ముందు మెత్తటన్నం అలవాటు కానివ్వండి.

పళ్ళులేని దవడ ఎముక ఏటేటా అరుగుతుంది కాబట్టి సెట్టు వదులవుతుంది. దయచేసి ఇంట్లో ఆకురాయి పట్టకండి, జిగురు పూయకండి. డాక్టరు లోపల కొత్త పొర వేసి సరిచేస్తారు. నోట్లో పుండు రెండు వారాల్లో మానకపోతే, ముఖ్యంగా చుట్ట అలవాటున్నవారు, వెంటనే చూపించుకోండి.