పిల్లల పాటలు: పుట్టుక, అర్థవివాదము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లలు వరుసగా కాళ్లు చాచి కూర్చుందురు. ఒకరు పాడుచు, మాటకొక కాలు చొప్పున తట్టుచు పోవుదురు. తుదిమాట ఎవరి కాలిపై పడునో వారు ఆ కాలు ముడుచుకొందురు. కాళ్లగజ్జ ఆట యనగా నిదియే. ఈ సభలోని పెద్దలలో దీనిని ఆడనివారు అరుదు. ఇంత చిన్న పాటకు మూడు వ్యాఖ్యానములు పుట్టి ఒకదానితో నొకటి కలహించుచున్నవి.

పాటలోనిది కాలి గజ్జె యని కొందరు. కంకాళ మనగా అస్థిపంజరము గావున ఇది దేహము అనిత్యమని చెప్పు వేదాంతమని మరికొందరు. గజ్జె కాదు, గజ్జియను చర్మవ్యాధి యని మూడవ పక్షము. ఈ కడపటి వాదమునకే నేడు ప్రచారము హెచ్చు. పాటలో వెలగ, మోదుగ, నిమ్మ వరుసగా వచ్చును; నడుమ నడుమ ‘కాదు’ అను మాట వచ్చును. ఒక మందు పనిచేయనిచో మరియొకటి వాడుమని పూర్వులు పిల్లల నోట వైద్యమును దాచిరట! ఆ చెట్లు నాటువైద్యమున వాడుకలో నున్నవే యగుటచే నమ్మబుద్ధియగును.

కాని ఎక్కువ చోట్ల వినబడు పాఠమున మోదుగకు నీడయే కాని ఆకు లేదు, బెరడు లేదు. నిమ్మకు బావియే కాని రసము లేదు. నీడను నూరి పూయుమని యే వైద్యుడును చెప్పడు. ఆ మాటలను కలుపుచున్నది మందు కాదు, అక్షరము. మొగ్గ పిమ్మట మోదుగ, నీడ పిమ్మట నిమ్మ, బావి పిమ్మట బసవన్న. పద్యమున యతివలె ఒక మాట మొదటి అక్షరము రాబోవు మాటను పిలుచుచున్నది. ‘కాదు’ అనునది ఆ గొలుసునకు కొక్కెము. నిఘంటువున గజ్జె వేరు, గజ్జి వేరు. పిల్లల నోట తుది అచ్చు నలిగి ‘గజ్జ’ యొక్కటే మిగులును. దానిపై ఇంత వైద్యశాస్త్రము కట్టుట సాహసము.

ఇట్టి సాహసము తెలుగువారిదే కాదు. ఇంగ్లండులో పిల్లలు చేతులు పట్టుకొని గుండ్రముగా తిరుగుచు పాడు గులాబీల పాట యొకటి కలదు. అది 1665 నాటి లండను ప్లేగునుండి పుట్టినదని లోకమంతయు చెప్పుకొనును. ఆ పాట 1881లో కేట్ గ్రీనవే పుస్తకమున అచ్చైనది. ప్లేగు కథ 20వ శతాబ్దిలో గాని వ్యాపింపలేదు. 1951లో ఆంగ్ల శిశుగేయ నిఘంటువును ప్రకటించిన ఓపీ దంపతులు దానిని నమ్మలేదు.

ఇక చందమామను పిలుచు పాట. తాళ్లపాక అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనలలో అట్టి పదము ఉండుటచే తల్లుల పాట ఆయనదే యని కొందరందురు. దస్తావేజు మొదట దొరికిన నాడే పొలము పుట్టినదనుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఆయనకు పూర్వుడైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములను, గొబ్బి పదములను, వెన్నెల పదములను పేర్కొనియున్నాడు. వెన్నెలలో పాడు అలవాటు అప్పటికే ఉన్నదనుటకు అది చాలును. అన్నమయ్య తల్లుల బాణీని స్వామికి సమర్పించెననుటయే సమంజసము. కొండ యెక్కి రమ్మన్నచో తిరుపతి బిడ్డకు తిరుమల తోచును. మడికొండ బిడ్డకు మెట్టుగుట్ట తోచును. ఇందులో ఏ బిడ్డది తప్పు?

వివాదము పండితుల వినోదముగా మిగిలినచో నష్టము లేదు. కాని అచ్చు పుస్తకము చదివిన మనుమరాలు “అవ్వా, నీ పాట తప్పు, పుస్తకములో అట్లు లేదు” అనుచున్నది. అవ్వ నవ్వి ఊరకుండును. మరునాడు పాడదు. ఆమెతో పోవునది ఒక పాఠము మాత్రమే కాదు. ఆమె పుట్టినింటి ఊరి నుడికారము కూడ. పాఠభేదములు ఊరూరికి పుస్తకముల వెంట రాలేదు, కోడండ్ర వెంట వచ్చినవి. ఓరుగల్లు జిల్లాలోనే పుట్టిన బిరుదురాజు రామరాజుగారు ప్రజల నోటి పాటలు సేకరించియే 1958లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ను వెలువరించిరి.

ఈ గ్రంథాలయమున పత్రికల బల్లపై ఒక గీతల పుస్తకమును ఉంచుటకు పెద్ద వ్యయము కాదు. పాట, పాడినవారి పేరు, వాడ, పుట్టినూరు, ఎవరివలన నేర్చిరి — ఇంతమాత్రము వ్రాయవలెను. గజ్జె యన్నవారికి గజ్జె యనియు, గజ్జి యన్నవారికి గజ్జి యనియు ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను, దిద్దరాదు. మొదటి పుటలు నింపదగినవారు ఈ సభలోనే, వెనుక వరుసలో, పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని యున్నారు.