చరిత్రలో యేసు – విశ్వాసంలో క్రీస్తు

(అత్వెల్లిలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"యేసు నిజంగా ఉన్నాడా? రుజువేమిటి?" అని ఈనాటి పిల్లలు అడుగుతున్నారు. నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. కనుక ముందు కాగితమే చూస్తాను. అది ఎంతవరకు పలుకుతుందో మనవి చేస్తాను.

మేడ్చల్ నుంచి నాగపూరు రోడ్డున ఉత్తరంగా పోయి, రామాయంపేట దగ్గర ఎడమకు తిరిగితే మెదక్ చర్చికి చేరతాము. అందులో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. వాటిలో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం చిత్రించారు.

మొదటిది పుట్టుక. మన సర్వీసు రిజిస్టరులో మొదటి పేజీలోనే పుట్టిన తేదీ ఉంటుంది. యేసుకు ఆ పేజీ లేదు. డిసెంబరు 25 అని సువార్తల్లో ఎక్కడా లేదు. హేరోదు రాజు బతికుండగా పుట్టాడని మత్తయి అంటాడు. ఆ రాజు క్రీ.పూ. 4లో పోయాడని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. క్రీస్తు శకాన్ని 525లో డయొనీసియస్ అనే సన్యాసి లెక్కకట్టాడు. ఆ లెక్కలో కొన్నేళ్ళు తేడా పడిందన్నమాట.

రెండవది సిలువ. ఇక్కడ కాగితం గట్టిది. పొంతి పిలాతు క్రీస్తుకు మరణశిక్ష వేశాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 116 ప్రాంతంలో రాశాడు. ఆయనకు క్రైస్తవులంటే గిట్టదు. గిట్టనివాడి సాక్ష్యానికి ఎంత బలముంటుందో ఆఫీసు విచారణలు చూసిన మీకు తెలుసు. 1961లో కైసరయలో పిలాతు పేరు చెక్కిన రాయి కూడా బయటపడింది.

మూడవది ఆరోహణం. దీనికి గెజిటెడ్ అధికారి సంతకం దొరకదు. మరణించి లేచిన యేసు తమకు కనిపించాడని శిష్యులు నమ్మినట్లు పౌలు ఉత్తరాలు చెబుతున్నాయి. వారు నమ్మారన్నది చరిత్ర. నిజంగా లేచాడన్నది విశ్వాసం.

కాగితం లేనిదంతా కొట్టివేయాలని కొందరంటారు. అసలు ప్రశ్నే పాపమని మరికొందరంటారు. ఆల్బర్ట్ ష్వైట్జర్ ఈ రెండూ చేయలేదు. చారిత్రక యేసు అన్వేషణ మీద 1906లో పెద్ద గ్రంథం రాసి, పండితులు ఎవరికి వారు తమకు నచ్చిన యేసును కల్పించుకున్నారని చూపాడు. వైద్యం కూడా చదివి, 1913లో ఆఫ్రికా వెళ్ళి లంబరేనేలో రోగుల సేవకు పూనుకున్నాడు.

మెదక్ చర్చి కథా అటువంటిదే. 1914 ప్రాంతపు కరవు రోజుల్లో పోస్నెట్ దొర పేదలకు పని చూపి, అన్నం పెట్టి దానిని కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అక్కడ రాళ్ళు మోసిన కూలీలకు టాసిటస్ ఎవరో తెలియదు. ఆకలివేళ చేతిలో పడిన ముద్దలోనే వారికి యేసు తెలిసి ఉంటాడు.

కనుక పిల్లలు తేదీలు పట్టుకొని నిలదీస్తే కసరకండి. తెలిసినది తెలిసినట్లు చెప్పండి. నమ్మినది నమ్మకమనే చెప్పండి. మిగిలినది మన నడత చెప్పాలి.