కొండవాగు నుండి మడ అడవికి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



ఆంధ్రదేశమున గ్రంథాలయమునకును ప్రయాణమునకును చుట్టరికము చాల కాలముగా కలదు. 1935వ సంవత్సరమున పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో ఒక పడవను పుస్తకములతో నింపి, గట్టు వెంబడి నున్న పల్లెలకు నడిపించిరి. పాఠకుడు పుస్తకము కడకు రాలేని చోట పుస్తకమే పాఠకుని కడకు తరలివచ్చినది. నేటి ప్రసంగ విషయము దీనికి మారువంటిది. పుస్తకమున చదివిన దానిని కన్నులతో చూచుటకు పాఠకుడే బయలుదేరుట. పాచిపెంట కొండలవారు సముద్రతీరపు మడ అడవులకు వన్యప్రాణి సందర్శన యాత్ర తలపెట్టినచో, దానిని ఎట్లు సిద్ధపరచుకొనవలెను, ఏమి చూడవలెను, తిరిగి వచ్చునప్పుడు ఏమి తెచ్చుకొనవలెను అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే దీని ఉద్దేశము.

నదులు సముద్రమును కలియు చోట, మంచినీరును ఉప్పునీరును కలగలసిన బురదలో పెరుగు అడవిని మడ అడవి యందురు. అట్టి అడవులను చూచుటకు లోకమున జనులు ఎంతెంత దూరమో పోవుచుందురు. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దేశమున సలూమ్ నదీముఖము కలదు. అచట నీరు పాయలు పాయలుగా చీలి, ఇన్నూరుకు పైగా చిన్న లంకలను చుట్టుకొని పారును. ఆ లంకల ప్రజలు వందల ఏండ్లు గుల్లలను, ఆలుచిప్పలను ఏరి తిని, చిప్పలను ఒకచోటనే పోయగా, అవి దిబ్బలై నిలిచినవి. ఆ దిబ్బలపై బావోబాబ్ అను బ్రహ్మాండమైన చెట్లు మొలచినవి. 2011లో యునెస్కో సంస్థ ఆ ప్రదేశమును ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది. అచటికి పోవువారు వానలు లేని నవంబరు, మే నెలల నడిమి కాలమును ఎన్నుకొందురు. స్థానికుల పొడవాటి పడవలను కుదుర్చుకొందురు. సముద్రపు పోటుపాట్లను విచారించి గాని పడవ ఎక్కరు. కాలము, పడవ, పోటుపాటు అను ఈ మూడును తెలిసిన యాత్రికునికి ఏ దేశపు మడ అడవియైనను ద్వారము తెరచును. తెలియనివానికి బురద తప్ప వేరొకటి కనబడదు.

అయితే పాచిపెంట వారు ఆఫ్రికా దాక పోనక్కరలేదు. కాకినాడకు దక్షిణమున, గౌతమీ గోదావరి సముద్రమును చేరు చోట, కోరంగి మడ అడవులు కలవు. 1978లో ఆ ప్రాంతమును వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. సాలూరు మీదుగా విజయనగరము చేరి, రైలులో సామర్లకోట దిగి, అచటనుండి కాకినాడకును, యానాము పోవు దారిలో కోరంగికిని చేరవచ్చును. తెల్లవారుజామున అడవిలో నుండవలసిన పని కనుక, ముందునాటి రాత్రి కాకినాడలో బస చేయుట యుక్తము.

ఇక కాలమును గూర్చి. అక్టోబరు, నవంబరు నెలలు ఆ తీరమునకు తుపానుల నెలలు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు కోరంగి రేవును తుడిచిపెట్టినవి. 1789 నాటి విపత్తును గూర్చి వ్రాసిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడే తుపానుకు ‘సైక్లోన్’ అను పేరు కల్పించెను. ఒకప్పుడు ఆ రేవునుండి వేలాది తెలుగువారు బర్మాకు కూలికి పోయిరి. అందుచేతనే ఆ దేశమున తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు కలిగినది. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో గోదావరి జిల్లాలలో వేయిమందికి పైగా మరణించిరి. కావున ఆ నెలలను విడిచిపెట్టి, డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు గల కాలమును ఎన్నుకొనవలెను. అది వలస పక్షులు తీరమున దిగియుండు కాలము. కొండపల్లెలలో పంటలు ఇంటికి చేరి, రైతునకు కొంత తీరిక దొరకు కాలమును అదియే.

ఆ కాలముననే డెల్టా ప్రజలు సప్తసాగర యాత్ర చేయుదురు. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగి కడ స్నానముతో అది మొదలై, గోదావరి ఏడు పాయల సంగమములను చూచుకొనుచు, మాఘశుద్ధ ఏకాదశినాటికి అంతర్వేదిలో ముగియును. పుణ్యమునకు పోవువారికి చొల్లంగి అమావాస్య ముఖ్యము. పక్షులను చూడబోవువారికి ఆ జనసమ్మర్దము అనుకూలము కాదు. కనుక ఆ నాటిని తప్పించి దినమును నిర్ణయించుకొనుట మంచిది.

దినము నిర్ణయించిన పిమ్మట గడియ నిర్ణయింపవలెను. ఇదియే కొండవారికి క్రొత్త విషయము. కొండవాగు ఎప్పుడును పల్లమునకే పారును. మడ అడవిలోని కాలువ పోటు సమయమున ఎగువకును, పాటు సమయమున దిగువకును పారును. దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు కలుగును. నేటి పోటు కంటె రేపటి పోటు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్య, పూర్ణిమల దగ్గర పోటు మిక్కిలి ఎత్తుగాను, పాటు మిక్కిలి లోతుగాను ఉండును. సన్నని కాలువలలో పడవ పోవలెనన్న పోటు నీరు కావలెను. బురదమేటలపై పక్షులు మేయుట చూడవలెనన్న నీరు తీయుచుండవలెను. అందుచేత పడవ గడియను కాకినాడలోని అటవీశాఖవారిని, కోరంగి మత్స్యకారులను అడిగి నిశ్చయించుకొనవలెను గాని, రైలు దిగిన గంటను బట్టి కాదు. ఈ ఒక్క విషయమున పొరపాటు పడినవారు వ్యయప్రయాసలకోర్చి పోయియు ఖాళీ కాలువను చూచి తిరిగి వచ్చెదరు.

జట్టు చిన్నదిగా నుండవలెను. ఒక పడవలో పట్టునంతమంది చాలును. ఒకరు డబ్బు లెక్క చూడవలెను. ఒకరు కనబడిన దానినెల్ల గడియతో, స్థలముతో పుస్తకమున వ్రాయవలెను. ఒకరు దుర్భిణిని భద్రపరచి అందరికిని అందించవలెను. ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు మేలు. త్రాగు నీరు, టోపీ, జారని చెప్పులు అవసరము. బయలుదేరుటకు ముందు నెలరోజులు గ్రంథాలయమున పక్షుల పుస్తకములు తిరగవేయవలెను. సలీం అలీగారి భారత పక్షుల గ్రంథము 1941లో మొదట వెలువడినది; నేటికిని అది ఆరంభకులకు మంచి గురువు.

అచట చూడదగినవి అనేకములు. ముందు చెట్లను చూడవలెను. తెల్లమడ వేళ్ళు బురదలోనుండి పెన్సిళ్ళవలె నిలువుగా లేచి గాలి పీల్చును. దాని ఆకు లోపలికి తీసుకొన్న ఉప్పును పైకి వెడలగ్రక్కును. పొన్నజాతి చెట్టు గింజ చెట్టు మీదనే మొలకెత్తి, పొడవుగా వ్రేలాడి, పిమ్మట బురదలో పడి నాటుకొనును. తిల్లచెట్టు పాలు కంట పడిన మిక్కిలి ప్రమాదము. కావున కొమ్మలు విరచుట కూడదు. అటవీశాఖవారు వేసిన చెక్కబాటపై పాటు వేళ నడచినచో, ఒక కొండి పెద్దదిగా నుండి దానిని ఆడించుచు పిలుచు ఎండ్రకాయలును, నీరు విడిచి బురదపై గెంతు చిన్న చేపలును కనబడును. కాలువగట్టున నారాయణపక్షి ధ్యానము చేయుచున్నట్లు నిలిచియుండును. లకుముకిపిట్ట నీలిరంగు మెరపువలె దాటిపోవును. శీతదేశముల నుండి వచ్చిన ఉల్లంకిజాతి పక్షులు బురదమేటలపై గుంపులుగా మేయుచుండును. అదృష్టమున్నచో నీటికుక్కల గుంపు ఈదుచు పోవును.

కోరంగికి పేరు తెచ్చిన జంతువు నీటిపిల్లి. అది ఇంటిపిల్లికి ఇంచుమించు రెట్టింపు ఉండును. నీటిలో దిగి చేపలను పట్టును. ఎక్కువగా రాత్రులందే తిరుగును. కనుక పగటి యాత్రికునికి అది కనబడుట అరుదు. కాని దాని అడుగులు మెత్తని బురదలో అచ్చు పడియుండును. ఇచట కొండవారికి ఒక మేలు కలదు. జాతాపు, కొండదొర, గదబ కుటుంబములలో పెరిగిన పిల్లలకు అడుగుజాడలు చదువుట, మాటలాడక నడచుట, గాలివాలు తెలియుట చిన్ననాటి విద్యలు. నగరమునుండి ఖరీదైన పరికరములతో వచ్చినవానికి లేని చూపు వారికి ఉండును. ఆ చూపును చదువు కాదని ఎవరైనను తలచినచో, అది పొరపాటు.

తీరమునకు ఎదురుగా హోప్ ఐలండ్ అను పొడవాటి ఇసుకదిబ్బ కలదు. నది తెచ్చిన ఇసుకను సముద్రము ఒడ్డునకు త్రోయగా అది సుమారు రెండు వందల ఏండ్లలో ఏర్పడినది. కాకినాడ రేవునకు అలలు తగులకుండ అడ్డుగోడవలె నిలిచినది. శీతకాలము చివర సముద్రపు తాబేళ్ళు అచటికి వచ్చి గుడ్లు పెట్టును. ఆ సమయమున రాత్రి దీపములతో తిరుగుట మహాపరాధము. ఏలనన వెలుతురును చూచి తాబేటి పిల్లలు సముద్రమునకు పోక దారి తప్పును. అనుమతి లేనిచోట దిగరాదు. పక్షులు లేచిపోవునంత దగ్గరకు పడవను పోనిమ్మని పడవవానిని బలవంతపెట్టరాదు. తిను బండారముల కాగితములు, ప్లాస్టిక్ సీసాలు తిరిగి సంచిలో తెచ్చుకొనవలెను. మత్స్యకారుల వలలకు అడ్డు రాకూడదు. ఆ కాలువలు యాత్రికునికి వినోదము, వారికి జీవనము. రొయ్యపిల్లలు, చేపపిల్లలు మడవేళ్ళ నడుమనే పెరుగును గనుక అడవి తరిగిన వల తేలికపడును.

ఇంతవరకు చెప్పినది ఏర్పాట్లను గూర్చి. ఇక ఈ యాత్ర పాచిపెంట వారికే ఏల ముఖ్యమో చెప్పవలసియున్నది.

సాలూరు నుండి కొరాపుట్‌కు ఎక్కు ఘాటుదారి శిఖరమున వాన కురిసినదనుకొనుడు. తూర్పు వాలున పడిన చినుకు పాచిపెంట కొండలలో పుట్టిన వేగవతిలో చేరి, నాగావళిలో కలిసి, శ్రీకాకుళము దగ్గర సముద్రమును చేరును. పడమటి వాలున పడిన చినుకు కొలాబు నదిలో చేరును. కొలాబు శబరియై కూనవరము కడ గోదావరిని కలియును. మాడుగుల కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ సీలేరై ఆ శబరిలోనే కలియును. గోదావరి ధవళేశ్వరము దాటి, గౌతమీపాయగా కోరంగిని చేరును. అనగా మడచెట్టు నిలిచిన బురదలో ఈ కొండల మట్టి కలదు. దాని వేరు పీల్చు మంచినీటిలో ఈ కొండల వాన కలదు.

ఆ మంచినీరు రానిచో ఏమగునో సలూమ్ నది చూపినది. 1960 దశకము చివర మొదలుకొని సెనెగల్ ప్రాంతమున తీవ్రమైన అనావృష్టి కలిగినది. ఎగువనుండి నీరు రాక, సముద్రపు నీరే లోపలికి చొచ్చి ఎండకు ఇగిరిపోగా, నది ఎగువభాగము సముద్రము కంటె ఎక్కువ ఉప్పనైనది. మడచెట్లు చచ్చి మోడులైనవి, ఒడ్డు పొలములు ఉప్పుబారినవి. 1987లో ఆ నదీముఖమును కాచుచుండిన సంగొమార్ ఇసుకదిబ్బను సముద్రము తెగగొట్టినది. పిమ్మట అచటి పల్లెలవారే బురదలో దిగి మడమొలకలను నాటిరి.

గోదావరికి అట్టి దుర్దశ పట్టలేదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. మాచ్‌ఖండ్, సీలేరు, కొలాబు జలాశయములు విద్యుత్తు నిచ్చినవి. వానిని నిందించుట కృతఘ్నత. అయినను జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచే డెల్టాకు చేరు మట్టి తగ్గి, సముద్రపు కోత పెరిగినదనుట సత్యము. రొయ్యల చెరువుల కొరకు కొంత మడభూమి నరకబడినదనుటయు సత్యము. 1999 నాటి ఒడిశా పెనుతుపాను తరువాత కేంద్రపడా జిల్లా పల్లెలను పరిశీలించినవారు, మడ అడవి వెడల్పుగా నున్న చోట్ల మరణములు తక్కువగా నుండినవని తేల్చిరి. కావున కొండమీద చెట్టు నిలుచుటకును, తీరమున గుడిసె నిలుచుటకును సంబంధము కలదు. కొండవాడు చెట్టు నరకిన వాన మట్టిని ఒక్కసారిగా ఈడ్చుకొనిపోవును, వేసవికి వాగు ఎండును. ఆ రెండు నష్టములును పల్లమున ఎవరో ఒకరు అనుభవింతురు. పల్లపువాడు కొండవానికి ఋణపడియున్నాడను మాటయు ఇందులోనే యున్నది. ఆ ఋణమును గుర్తించవలసినవారు పట్టణములలోను, ప్రభుత్వమునను కలరు.

కనుక యాత్రికుడు తిరిగి వచ్చునప్పుడు తేవలసినది గవ్వలు, తాబేటి చిప్పలు కావు, వ్రాసిన పుస్తకము. ఏ నాడు, ఏ పోటున, ఏ కాలువలో, ఏ పక్షి ఎన్ని కనబడినవో వ్రాసిన ఆ పుస్తకము గ్రంథాలయ బీరువాలో చేరవలెను. మరుసటి ఏట మరియొక జట్టు పోయి, తాము చూచినదానిని దానితో పోల్చుకొనవలెను. అట్లు పది ఏండ్లు సాగినచో, వేరెచ్చటను దొరకని గ్రంథమొకటి పాచిపెంటలో తయారగును.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. కోరంగి చూచి వచ్చినవాడు సాలూరు బస్సు దిగి, ఇంటి దగ్గరి గెడ్డ దాటునప్పుడు ఒక నిమిషము ఆగి ఆ నీటిని చూచును. అది ఎచటికి పోవునో అతనికి అప్పుడు తెలిసియుండును. గ్రంథాలయము ఇరువది యైదేండ్లుగా చేయుచున్న పనియు ఇదియే: దగ్గరనున్న దానికిని దూరమున నున్న దానికిని గల సంబంధమును చూపుట. ఆ పని నిర్విఘ్నముగా సాగుగాక!