హక్కును అడగడం యాచన కాదు

సకల స్తుతులూ అల్లాహ్‌కే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురుయుగాక.

ఈ జుమాను మా పొరపాటు ఒకటి ఒప్పుకుంటూ ప్రారంభిస్తున్నాము. వెయ్యి అడుగులు దిగినా నీరు పడని ఈ అనంతపురం సీమలో, బోరుబండి పనికి వెళ్లిన మన సోదరుడొకరు పైపు మీదపడి నడుము దెబ్బతిని మంచాన పడ్డారు. పరామర్శకు వెళ్లిన మేము సబ్ర్ గురించి బోధించి, దుఆ చేసి, లేచి వచ్చాము. ఏడాది తరువాత తెలిసింది, భార్య కూలితోనే ఆ ఇంట పొయ్యి వెలుగుతోందని, ఆయన సదరం పరీక్షకు దరఖాస్తు కూడా పెట్టలేదని. కారణం అడిగాము. “చెయ్యి చాపకూడదని మీరే కదా హజ్రత్ ఖుత్బాలో చెప్పారు” అన్నారు. మా వద్ద జవాబు లేకపోయింది.

యాచనను దైవప్రవక్త (స) నిరసించారన్నది నిజమే. కాని మేము చెప్పవలసిన రెండవ సగాన్ని చెప్పలేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక వాకిట బిచ్చమెత్తుతున్న అంధ వృద్ధుణ్ణి చూశారు. అతడు యూదుడు. జిజ్యా చెల్లించలేక, పూట గడవక అడుక్కుంటున్నాడు. ఉమర్ (రజి) అతణ్ణి చెయ్యిపట్టి తన ఇంటికి తీసుకువెళ్లి ఉన్నది ఇచ్చారు. తరువాత బైతుల్ మాల్ అధికారిని పిలిపించి, ఇతని వంటివారందరి సంగతీ చూడమని ఆదేశించారు. వయసులో ఉండగా అతని సంపాదనలో భాగం తీసుకొని, ముదిమిలో విడిచిపెట్టడం న్యాయం కాదన్నది వారి వాదం. ఇమామ్ అబూ యూసుఫ్ ‘కితాబుల్ ఖరాజ్’లో ఈ ఉదంతాన్ని నమోదు చేశారు. మన సోదరుడు కూడా ఒళ్లు బాగున్నన్నాళ్లూ సబ్బుబిళ్ల కొన్నా పన్ను కట్టినవాడే.

కనుక వినండి. గ్రామ లేదా వార్డు సచివాలయంలోగాని, మీసేవలోగాని సదరం స్లాట్ తీసుకోవాలి. ఇచ్చిన తేదీన ప్రభుత్వాసుపత్రిలో వైద్యులు వైకల్య శాతం నిర్ణయిస్తారు. 40 శాతానికి తగ్గకుండా ఉంటే పింఛనుకు తొలి మెట్టు దాటినట్లే. తక్కిన షరతులు సచివాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. 2024లో ఈ పింఛను నెలకు 3,000 నుండి 6,000 రూపాయలకు పెరిగింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. కాళ్లూ చేతులూ పోయినవారే వికలాంగులని అనుకోకండి. 2016 నాటి చట్టం మానసిక వ్యాధితో సహా 21 రకాలను గుర్తించింది. అటువంటి బిడ్డలను పరువు కోసం లోపలి గదిలో దాచే ఇళ్లు మన మొహల్లాలోనూ ఉన్నాయి.

మరొక మాట కటువుగానే చెబుతాము. లేని వైకల్యానికి దొంగ సర్టిఫికెట్టు సంపాదించడం హరామ్. 2025లో పింఛనుదారులకు పునఃపరీక్షలు జరిగినప్పుడు, నిజంగా నడవలేనివారు కూడా మళ్లీ ఆసుపత్రుల చుట్టూ తిరగవలసి వచ్చింది. దొంగ తిన్నది సర్కారు సొమ్ము మాత్రమే కాదు, వారి మాటకున్న విలువ కూడా. అన్యాయంగా నోటీసు అందినవారు సిగ్గుపడి ఊరుకోవద్దు, అప్పీలు చేసుకోండి.

నోరు తెరిచి అడగని పేదలను వారి వాలకాన్ని బట్టి గుర్తించవచ్చని సూరయె బఖరా తెలుపుతోంది. ఆ గుర్తించే పని మనది. ఆ సోదరునికి వచ్చే బుధవారానికి స్లాట్ దొరికింది. ఆయన ఆటోలో కూర్చోలేరు, పడుకోబెట్టి తీసుకువెళ్లాలి. వెనుక చోటున్న బండి ఒకటి, ఎత్తి దించడానికి ఇద్దరు మనుషులు కావాలి. రాగలవారు నమాజు తరువాత మింబర్ దగ్గర ఆగండి.