హెడ్మాస్టరు గారి కుర్చీ, దాని కింద యాష్‌ట్రే
(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అన్నా, నలభై ఏళ్లు రైల్వేలో చేసినావు. పిల్లోళ్లకు స్ఫూర్తినిచ్చే మాటలేమన్నా చెప్పు" అన్నారు. స్ఫూర్తినిచ్చేవాళ్లు ఈ వేదిక మీద చాలామందే ఉన్నారు. డాక్టర్లున్నారు, కలెక్టరాఫీసులో చేసినవాళ్లున్నారు. నేను ఫిట్టర్ని. నాకు తెలిసింది బోల్టు, నట్టు, వాషరు. అందుకని ఒక్క బోల్టు గురించి మాట్లాడి దిగిపోతాను. ఆ బోల్టు మన పాత హెడ్మాస్టరు గారి కుర్చీకి కుడిచెయ్యి కింద ఉంది.

సంగతి మీకందరికీ తెలిసిందే. ఈ ఉత్సవానికని పాత కుర్చీని బాగు చేయించి లైబ్రరీలో పెట్టాలని కమిటీ అనుకుంది. కుర్చీని తిరగేస్తే చెయ్యి కింద ఒక ఇనప పట్టీ, దాని కొసన ఇత్తడి గిన్నె కనిపించినాయి. అక్కణ్నుంచి మూడు నెలలు మన వాట్సాప్ గ్రూపులో నిద్ర లేదు. "తీసెయ్యండి, బడిలో యాష్‌ట్రే ఏంది?" అని కొందరు. "చరిత్ర, ముట్టుకోవద్దు" అని కొందరు. కుర్చీ బాగుచేసే పని నా మీద పడింది కాబట్టి సంజాయిషీ కూడా నేనే ఇచ్చుకోవాలి.

చిన్నవాళ్ల కోసం ముందు అది ఎట్లుంటుందో చెప్తాను. కుర్చీ చెయ్యి అడుగున ఒక బోల్టు. ఆ బోల్టే ఇరుసు. దాని చుట్టూ తిరిగే ఏడంగుళాల పట్టీ. పట్టీ కొసన రింగు, రింగులో గిన్నె. వేలితో తోస్తే గిన్నె బయటికొచ్చి చేతి పక్కన నిలబడుతుంది. మళ్లీ తోస్తే చెయ్యి కిందికి దూరిపోతుంది, ఎదురుగా ఉన్నవాళ్లకు కనిపించదు. ఇది మన ఊరివాళ్లు కనిపెట్టిందేమీ కాదు. పాతకాలం క్షవరం కుర్చీల చేతుల్లో యాష్‌ట్రేలుండేవి, విమానం సీట్ల చేతుల్లో ఉండేవి. చెయ్యి కిందనుంచి ఇంకో చెయ్యి తిరిగొచ్చే ఏర్పాటు మనవాళ్లు టి.బి.ల్లోనూ రైల్వే వెయిటింగ్ రూముల్లోనూ ఎప్పటినుంచో చూస్తున్నదే. అక్కడి పడక్కుర్చీలకు పొడుగాటి కమ్మీలు బయటికి తిరిగేవి, కాళ్లు చాపుకోడానికి. మన కుర్చీది దానికి తమ్ముడు.

మరి మన బడిలోకి ఎందుకొచ్చింది? పొగ తాగేవాళ్ల సుఖం కోసం అనుకుంటే పొరపాటు. గాలి వల్ల వచ్చింది, గడ్డివామి వల్ల వచ్చింది.

మన గాలి సంగతి మీకు చెప్పాల్సిన పనిలేదు. 1990ల్లో రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టినప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు పేపర్లలో రాసినారు గానీ, ఆషాఢంలో ఈ మైదానం మీద తలగుడ్డ నిలవదని మా అవ్వకు కూడా తెలుసు. ఏడాదికి అయిదు వందల యాభై మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే సీమ. పచ్చి అనేది నాలుగు నెలలు, తక్కిందంతా ఎండు. 1965, 66 రెండేళ్లూ దేశమంతటా కరువు. అప్పుడు ఇక్కడ ఎట్లుండి ఉంటుందో ఆలోచించండి.

ఆ 66లో నేను తొమ్మిదో తరగతి. బడి వెనక గోడ దాటితే ఒక రైతు కళ్లం. కళ్లంలో శెనక్కాయ కట్టె వామి. కాయ సరిగ్గా రాని ఏడు కట్టెకు విలువ ఎక్కువ. మనుషులు సంగటో గంజో తాగి నెట్టుకొస్తారు, ఎద్దు నెట్టుకు రాలేదు కదా. మాఘమాసంలో ఒక మధ్యాన్నం ఆ వామి అంటుకుంది. మేమంతా గోడ దూకి పోయినాం. బావిలో నీళ్లు అడుగంటినాయి, బొక్కెనకు సగం బురదే వచ్చేది. ఇసుక చల్లినాం, వేపమండలతో కొట్టినాం. ఎండు కట్టె, పైన గాలి. గంటలో బూడిదైపోయింది.

ఎవరు చేసినారు? దారిన పోయేవాడి బీడీ అన్నారు కొందరు. స్టాఫ్ రూము కిటికీలోంచి పడిన సిగరెట్టు ముక్క అన్నారు కొందరు. ఆ రోజుల్లో మా సార్లలో సగంమంది తాగేవాళ్లు, ముక్క కిటికీలోంచి విసిరేవాళ్లు. హెడ్మాస్టరు గారు కూడా తాగేవారు, ఆయన గది కిటికీ కూడా అటువైపే. ఏదీ రుజువు కాలేదు. ఆ రైతు ఎద్దుల జతను సంతలో అమ్ముకున్నాడు. వాళ్ల పిల్లోడు మా క్లాసు. ఆ వేసవి సెలవుల తర్వాత బడికి రాలేదు. బళ్లారి వైపు కూలికి పోయినాడు. ఈరోజు సభలో మూడో వరసలో కూర్చున్నాడు. పేరు చెప్పను, చెబితే కొడతాడు.

హెడ్మాస్టరు గారు దాని మీద ప్రసంగమేమీ ఇవ్వలేదు. మరుసటి వారం క్రాఫ్టు సారును పిలిపించి, "అగ్గి నా చేతి నుంచి నేల మీద పడకుండా ఏదన్నా చెయ్యప్పా" అన్నారు. అంతకుముందు ఆయన బల్ల మీద పింగాణీ సాసరు ఉండేది. గాలొస్తే బూడిద అడ్మిషను రిజిస్టరు మీదికి పోయేది. ఒక పేజీకి కాలిన బొక్క కూడా ఉంది, రిజిస్టరు ఇంకా ఆఫీసులో భద్రంగానే ఉంది, చూసుకోవచ్చు.

క్రాఫ్టు సారుది వడ్రంగం. ఇనప పని ఆయనకు పెద్దగా రాదు, మా ముగ్గురు పిల్లోళ్లనూ వెంటేసుకోని కమ్మరి కొట్టానికి తీసుకపోయినాడు. ఇంచి వెడల్పు పట్టీ. ఓటిపోయిన ఇత్తడి చెంబు అడుగుభాగం కోయించి గిన్నె చేసినాం. హెడ్మాస్టరు గారు చెయ్యి చాపితే అందాలని మొదట పది అంగుళాల పట్టీ పెట్టించినారు. బరువు కొసకు పడి అది వాలిపోయింది. ఏడుకు కురచ చేసి, బోల్టుకు పైనొకటి కిందొకటి వాషర్లు, మధ్యన ఒక స్ప్రింగు వాషరు వేస్తే కుదురుకుంది. నిలిపిన చోట నిలిచేది, వదులయ్యేది కాదు. ఎంతవరకు తిరగాలో అంతవరకు తిరిగి ఆగడానికి ఒక చీల కొట్టినాం. నా జీవితంలో నేను ఆకురాయి పట్టి చేసిన మొదటి ఫిట్టింగు ఆ రింగు.

అసలు తెలివి వేరే చోట ఉంది, దాన్ని మొన్న కుర్చీ తిరగేసినప్పుడు గానీ చాలామంది గమనించలేదు. చెయ్యి అడుగున, గిన్నె లోపలికి పోయి ఆగే చోట, క్రాఫ్టు సారు గుండ్రంగా కోసిన రేకు ముక్క కొట్టినాడు. గిన్నె లోపలికి తోస్తే దాని మూతి సరిగ్గా ఆ రేకు కిందికి వస్తుంది. సందు దారం మందమే. అంటే కుర్చీ చెయ్యే మూత. గాలి పోదు, అగ్గి చస్తుంది, బూడిద లేవదు, కట్టె మాడదు. గిన్నెలో అడుగున రెండు చెంచాల వంక ఇసుక. సిగరెట్టు మామూలుగా కాలుతున్నప్పుడే దాని కొస ఆరు వందల డిగ్రీల దాకా ఉంటుంది, పీల్చినప్పుడు ఇంకా పెరుగుతుంది. దానికి ఇసుక, మూత రెండూ కావాలి. ఒకటి చాలదు. ఈ లెక్క చదువుకోకుండానే ఆయనకు తెలుసు.

ఆ తర్వాత నేను గుంతకల్లులో ఫిట్టర్‌గా చేరినాను. క్యారేజీ పని. ఫస్ట్ క్లాసు పెట్టెల్లో కిటికీ కింద గోడకు చిన్న యాష్‌ట్రేలుండేవి. వాటిని బిగించినాను, తుడిపించినాను, తర్వాత ఊడదీసినాను కూడా. 1890 రైల్వే చట్టంలోనే తోటి ప్రయాణికులు ఒప్పుకోకుండా పెట్టెలో పొగ తాగితే ఇరవై రూపాయల దాకా జరిమానా ఉండేది. 1989 చట్టం దాన్ని వంద రూపాయలు చేసింది. అంటే పైన "పొగ తాగరాదు" అనే బోర్డు, దాని కింద మేం బిగించిన యాష్‌ట్రే. ఒక పెద్దమనిషి ఒకసారి నన్నే నిలదీసినాడు: "తాగొద్దంటావు, గిన్నె పెడతావు. ఏది నమ్మాల్నప్పా నేను?" నా దగ్గర జవాబు లేదు, స్క్రూడ్రైవరు ఉంది.

2001 నవంబరు 2న సుప్రీంకోర్టు మురళీ దేవరా గారి కేసులో బహిరంగ స్థలాల్లో పొగ వద్దంది. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకొచ్చిన నిబంధనల్లో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. బహిరంగ స్థలం ఎవరి చేతిలో ఉందో వాళ్లు అక్కడ యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో లేకుండా చూడాలి. తాగేవాడిని పట్టుకోవడం ఒక్కటే కాదు, గిన్నె కూడా ఉండకూడదు. బహిరంగ స్థలాల పట్టీలో బడి ఉంది, లైబ్రరీ ఉంది. మన కుర్చీ బడిలోని లైబ్రరీకి పోతోంది. రెండు రకాలుగా దొరికిపోయినాం. గ్రూపులో "చరిత్ర" అన్నవాళ్లు ఈ మాట విన్న తర్వాత కొంచెం తగ్గినారు.

దీనికి ఎదురు మాట కూడా ఉంది, దాన్ని దాచిపెట్టను. మా అమ్మాయి దగ్గరికి అమెరికా పోయేటప్పుడు విమానంలో టాయిలెట్ తలుపుకు యాష్‌ట్రే చూసినాను. పక్కనే పొగ తాగొద్దనే గుర్తు. పాత పెద్దమనిషి ప్రశ్న నాకే వచ్చింది. తెలుసుకుంటే సంగతిది. 1973 జులై 11న బ్రెజిల్ నుంచి పారిస్ పోతున్న వారిగ్ కంపెనీ విమానంలో వెనక టాయిలెట్‌లో మంట పుట్టి పొగ కమ్మింది. పైలట్లు ఓర్లీ విమానాశ్రయం దగ్గర పొలంలో దించినారు. 134 మందిలో 123 మంది పోయినారు. చెత్తడబ్బాలో పడిన సిగరెట్టు కావచ్చన్నారు. అందుకని నిషేధం ఉన్నా సరే, దొంగతనంగా తాగేవాడు ముక్కను కాగితాల్లో పడేయకుండా తలుపు మీద గిన్నె ఉండి తీరాలని అమెరికా విమాన నిబంధన. మా హెడ్మాస్టరు గారి ఆలోచనా అదే: తాగేవాడు మారకపోయినా అగ్గి ఎక్కడ పడాలో అక్కడ పడాలి.

మరి విమానానికి సరిపోయింది మన బడికి సరిపోదా? సరిపోదని నా అభిప్రాయం. ఆకాశంలో తలుపు తీసి బయటికి పోలేరు, ఒక్క ముక్కకు అందరి ప్రాణాలు. బడిలో అట్లా కాదు. ఇక్కడ గిన్నె చేతి పక్కనే తెరుచుకోని ఉంటే అది అగ్గిని ఆపేది తక్కువ, రమ్మని పిలిచేది ఎక్కువ.

ఈ మాట నాకు గట్టిగా చెప్పింది హెడ్మాస్టరు గారి అమ్మాయి, మన సీనియర్ అక్క. ఒంట్లో బాగాలేక ఈరోజు రాలేకపోయింది. కుర్చీ సంగతి చెప్దామని ఫోన్ చేస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అనింది: "మా నాయన ఆఖరు రెండేళ్లు పండుకోని నిద్రపోలేదు. పండుకుంటే ఊపిరాడేది కాదు. కుర్చీలోనే కూర్చోని తెల్లవార్లూ దగ్గేవాడు. ఊరి వామి కాలకుండా గిన్నె చేయించుకున్నాడు. ఆ గిన్నె ఆయన లోపలికి పోయినదాన్ని ఆపలేదు. నాకు దాన్ని చూడబుద్ధి కాదు."

అదే రోజు సాయంత్రం మూడో వరస మిత్రుడు మా ఇంటికొచ్చినాడు. "తీసేస్తే ఒప్పుకోను," అన్నాడు. "మా వామి కాలిందని ఆ ఊర్లో ఎవరన్నా ఒక్క పని చేసినారంటే అదొక్కటే. మా నాయన పోయేదాకా చెప్పేవాడు, హెడ్మాస్టరు మాట్లాడలేదు గానీ చెంబు కోయించినాడు అని." వాడు ఇంటికొచ్చి ఇట్లా గట్టిగా మాట్లాడడం నేను ఎరగను.

ఇద్దరిదీ న్యాయమే. ఓటేసి తేల్చే సంగతి కాదని కమిటీకి చెప్పి, కుర్చీని నెల రోజులు మా ఇంట్లో పెట్టుకున్నాను. మా ఆవిడ తిట్టింది, అది వేరే సంగతి.

చేసిందేమిటంటే, పట్టీ, బోల్టు, వాషర్లు, చీల, రేకు అన్నీ ఉన్నాయి. తుప్పు గీకి, నూనె పెట్టి, అదే బోల్టు మళ్లీ బిగించినాను. యాభై ఎనిమిదేళ్ల తర్వాత కూడా మర అరగలేదు. ఇత్తడి గిన్నె తీసేసినాను. అది ఇప్పుడు మిత్రుడి ఇంట్లో ఉంది. ఫోన్లో అక్కను అడిగి, ఆమె సరేనన్న తర్వాతే ఇచ్చినాను. రింగులో గిన్నె స్థానంలో అదే కొలతకు వేపకట్టెతో పళ్లెం కడైలు పట్టించినాను. అందులో చాక్‌పీసులు పెట్టుకోవచ్చు, కళ్లద్దాలు పెట్టుకోవచ్చు. లోతు తక్కువ, బూడిద నిలవదు, కావాలనే అట్లా చేసినాను. కుర్చీ పక్కన పెట్టే చిన్న బోర్డు మీద వామి సంగతి రెండు వాక్యాలు, దగ్గు సంగతి రెండు వాక్యాలు తెలుగు సారు రాసిస్తానన్నారు. అక్క చదివి ఒప్పుకున్న తర్వాతే అచ్చు వేస్తారు.

లైబ్రరీ చూసే మేడం గారికి ఒక మనవి. పిల్లోళ్లు ఆ పట్టీని తిప్పకుండా ఉండరు, తిప్పనివ్వండి. మీద మటుకు కూర్చోనివ్వద్దు. ఆరు నెలలకొకసారి బోల్టుకు రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేయించండి. సీసా బీరువా కింది అరలో పెట్టినాను.