లైటు వేస్తే బండి ఎందుకు వణికింది?

 

నన్ను బండి నడపడం గురించి మాట్లాడమన్నారు. అదంతా చెప్పాలంటే పొద్దు చాలదు. ఒక్క సంగతే చెబుతాను. మా వ్యానుకు ఒక జబ్బు వచ్చింది. ఆ జబ్బు మా సంఘం డబ్బు 18,000 రూపాయలు మింగబోయింది.

మా సంఘంలో పదిమందిమి ఉన్నాం. అప్పు తీసుకుని పాత పెట్రోలు వ్యాను కొన్నాం. నేను నడుపుతాను. తెల్లవారుజామున 4 గంటలకు కూరగాయలు ఎక్కించుకుని గుంటూరు రైతుబజారుకు వెళతాం. బండి ఆగిందంటే ఆ రోజు పదిమంది కూరలూ వాడిపోయినట్టే. కిస్తీ మాత్రం ఆగదు.

ఒక వానాకాలంలో బండి వణకడం మొదలుపెట్టింది. రోడ్డు మీద పోయేటప్పుడు బాగానే ఉండేది. రైలు గేటు దగ్గర ఆగితే చాలు, స్టీరింగు చేతిలో గడగడలాడేది. బండి నిలబడి ఉన్నప్పుడు కూడా ఇంజిను మెల్లగా తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఐడ్లింగు అంటారు. మాకు ఆ ఐడ్లింగులోనే వణుకు. రెండుసార్లు ఇంజిను ఆగిపోయింది కూడా. వెనక లారీల వాళ్ళు ఒకటే హారను.

పగలు 10 గంటలకు మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్ళాను. అక్కడ వణకదే! "నీకు క్లచ్చి వదలడం రాదమ్మా" అని నవ్వాడు. ఆడమనిషి బండి నడిపితే ఇలాంటి మాటలు మామూలే. రెండోసారి వెళితే, "ఇంజిను పోయింది, విప్పాలి, 18,000 అవుతుంది" అన్నాడు. తలా 1,800. ఆ రాత్రి మాకు అన్నం సయించలేదు.

మా సంఘంలో లెక్కలు రాసే అక్క ఒక మాట చెప్పింది. "ఎప్పుడు వణుకుతోందో రాయవే" అంది. అప్పటిదాకా నేను నోటుబుక్కులో కూరగాయల తూకాలే రాసేదాన్ని. సరే అని రాశాను.

సోమవారం. 4 గంటలు. వాన. లైట్లు, వైపరు వేశాను. బాగా వణికింది.
సోమవారం. 11 గంటలు. ఎండ. లైట్లు లేవు. వణకలేదు.
మంగళవారం. 4 గంటలు. వాన లేదు. లైట్లు వేశాను. కొంచెం వణికింది.
బుధవారం. మధ్యాహ్నం. వాన. లైట్లు, వైపరు, ఫ్యాను వేశాను. ఆగిపోయింది.

అక్క పైకి చదివింది. చదువుతూ చదువుతూ ఆగింది. "ఒసే, కరెంటు వాడినప్పుడే కదే వణుకుతోంది!" అంది. మెకానిక్కు దగ్గరకు పగలు వెళ్ళాం. లైటు వేయలేదు. మరి జబ్బు ఎట్లా కనబడుతుంది?

లైటుకూ ఇంజినుకూ ఏం సంబంధం అంటారా? సైకిలు డైనమో చూశారు కదా. దాన్ని టైరుకు ఆనిస్తే లైటు వెలుగుతుంది. కానీ పెడలు బరువెక్కుతుంది. వ్యానులోనూ అంతే. ఇంజిను బెల్టును తిప్పుతుంది. బెల్టు డైనమోను తిప్పుతుంది. కరెంటు పుడుతుంది. పెద్ద లైటు ఒక్కోటి 60 వాట్లు అనుకోండి. రెండూ కలిసి 120 వాట్లు. బెల్టులో, డైనమోలో కొంత వృథా పోతుంది. అందుకని ఇంజిను దాదాపు 200 వాట్ల పని చేయాలి. పరుగులో ఇంజినుకు అది లెక్క కాదు. ఐడ్లింగులో నిమిషానికి 800, 900 చుట్లే తిరుగుతుంది. అప్పుడు బరువు తెలుస్తుంది. లైటు వేయగానే ఇంజిను ఒక్క క్షణం కుంగి సర్దుకోవడం సహజమే. అట్లాగే వణుకుతూ ఉంటే మాత్రం ఎక్కడో తేడా ఉన్నట్టు.

ఈసారి నోటుబుక్కు పట్టుకుని కరెంటు పని చేసే మెకానిక్కు దగ్గరకు వెళ్ళాం. ఆయన పుస్తకం చదివాడు. ఇంజిను ఆపి బ్యాటరీకి మీటరు పెట్టాడు. 12.6 ఓల్టులు చూపింది. బ్యాటరీ మంచిదే. ఇంజిను వేశాడు. మామూలుగా 13.5 నుంచి 14.5 దాకా రావాలి. వచ్చింది. తర్వాత లైట్లు, వైపరు, ఫ్యాను అన్నీ వేశాడు. ముల్లు పడిపోయింది. 12 దగ్గర ఊగింది. బండి వణికింది!

బెల్టు చూశాడు, బిగువుగానే ఉంది. అప్పుడు మీటరు తీగ ఒకటి బ్యాటరీ మైనస్సుకు, ఇంకొకటి ఇంజిను ఇనుముకు పెట్టాడు. అక్కడ దాదాపు సున్నా ఉండాలి. 0.2 దాటకూడదు. మా బండిలో 0.9 ఉంది. "ఎర్తు వైరమ్మా" అన్నాడు.

కరెంటు తీగలో వెళుతుంది. వెళ్ళింది తిరిగి రావాలి కదా. బండి ఇనుము మీదుగా వస్తుంది. ఇనుముకూ ఇంజినుకూ మధ్య ఒక లావు తీగ ఉంటుంది. అదే ఎర్తు వైరు. మా బండిలో దాని కొసకు తుప్పు పట్టింది. కరెంటు తిరిగి వచ్చే దారి ఇరుకైంది. వాడకం పెరిగితే ఓల్టులు పడిపోయేవి. ప్లగ్గుల్లో నిప్పు, పెట్రోలు చల్లే యంత్రం, రెండూ కరెంటు మీదే పనిచేస్తాయి. అవి తడబడితే ఇంజిను తడబడింది.

ఆయన బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో తుప్పు గీకి, గట్టిగా బిగించాడు. 150 రూపాయలు తీసుకున్నాడు.

అన్ని వణుకులూ కరెంటువి కావు సుమా. లైట్లు ఆర్పినా వణికితే ప్లగ్గులు, గాలి ఫిల్టరు చూపించండి. బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా పొడి పడితే చేత్తో ముట్టకండి, ఒళ్ళు కాలుతుంది. ఇంజిను ఆపి, ముందు మైనస్సు వైరు తీయాలి. వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరాక మైనస్సు చివర బిగించాలి. ఇంజిను తిరుగుతుండగా బ్యాటరీ వైరు ఊడదీసి చూస్తానని ఎవరైనా అంటే వద్దనండి. లోపలి కంప్యూటరు డబ్బా కాలిపోవచ్చు. దాని ఖరీదు వేలల్లో.

మాటలు చాలు. వ్యాను బయటే ఉంది. సీటు ఎత్తి ఎర్తు వైరు చూపిస్తాను. కొంగు బొడ్లో దోపుకుని, జడ ముడేసుకుని రండి. బెల్టు తిరుగుతుంటుంది. ఇద్దరిద్దరు రండి, తోసుకోకండి.