నాకుఁ బ్రియమైన పాటలు



నాకుఁ బ్రియమైన పాటలనుగూర్చి చెప్పుమని కోరితిరి. రాగతాళముల మేలుకీడులను నిర్ణయించుటకు నేను గాయకుఁడను కాను. ఏ పాటకై ఎవరెంత వెల చెల్లించిరో అది మాత్రము చెప్పఁగలను.

1921లో ఈ కోఠి చెంతనున్న వివేకవర్ధినిలో జరిగిన సభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుఁగున మాటాడఁగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. మాటకే చోటులేని నగరమున పాట కెంత విలువయో యోచింపుఁడు.

1922లో గరిమెళ్ల సత్యనారాయణగారు ‘మా కొద్దీ తెల్లదొరతనము’ అను పాటకై చెరసాల కేగిరి. 1938లో వందేమాతరము పాడిన ఉస్మానియా విద్యార్థులు బహిష్కృతులై, పలువురు నాగపురమునఁ జదువు సాగించిరి. 1940వ దశకమున సుద్దాల హనుమంతుగారు పసులఁగాచు బాలుని వెట్టిబ్రదుకును పాటగాఁ గట్టిరి. ఆ దశకముననే శంకరంబాడి సుందరాచారిగారి ‘మా తెలుఁగు తల్లికి’ టంగుటూరి సూర్యకుమారిగారి కంఠమున గ్రామఫోను రికార్డుకెక్కి ఊరూర వినఁబడెను.

నేఁడు చేతిలోని యంత్రమును తాఁకిన చాలును, ఇవి యన్నియు వినవచ్చును. అయినను నాకొక దిగులు కలదు. వినువారు పెరిగిరి, పాడువారు తరిగిరి. యంత్రము పాటను దాఁచును గాని బ్రదికింపదు. నాఁడు కవిని చెరలోఁ బెట్టినను పాట జనుల గొంతులలో నిలిచినది.

కావున, 1901లో ఈ ప్రాంతముననే నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమువంటి పఠనాలయములయందు వారమున కొక సాయంకాలము పిల్లలకు ఒక్కొక్క పాటను సాంతముగా నేర్పుఁడు. వెట్టి యన నేమని వారడుగుదురు. అప్పుడు చరిత్ర చెప్పవచ్చును.